నదికి ఈవైపు

“ఈ మాట ఎవరు పెట్టమన్నారు?” అన్నాడు ఎల్‌వుడ్ స్ప్రాగ్, అచ్చు ప్రతి మీద వేలు పెట్టి.

నెట్టీ వంగి చూసింది. ఊరి వార్షిక నివేదిక అచ్చు వేయించడం ఊరి గుమాస్తాగా ఆమె పని. దాని మొదటి పేజీ ఏటా ఒకరికి అంకితం. ఈ ఏడు లోర్నా పెట్టింగిల్‌కి. నలభై ఏళ్ళు జీతం లేకుండా గ్రంథాలయం నడిపిన మనిషి. ‘నిఖార్సైన మెయినర్ లోర్నాకి కృతజ్ఞతతో’ అని నెట్టీయే రాసింది. మెయినర్ అంటే మెయిన్ రాష్ట్రపు మనిషి.

“నేనే పెట్టాను బాబాయ్. తప్పా?”

“ఆ అమ్మాయి పుట్టింది నదికి అవతల, న్యూ హాంప్‌షైర్‌లో.”

డెబ్బై ఒకటి నిండిన లోర్నా తొంభై మూడేళ్ళ ఎల్‌వుడ్‌కి ఇంకా అమ్మాయే.

“అవతలంటే ఎంత దూరం? ఇక్కణ్ణించి కేకేస్తే వినపడుతుంది. ఆసుపత్రి అక్కడుంది గనక అక్కడ పుట్టింది. నెల తిరక్కుండా ఊళ్ళోకి వచ్చేసింది. మా ఆయనది ఇండియానా. అక్కడ ఎవరెళ్ళి కాపురం పెట్టినా మర్నాటికి హూజియర్ అయిపోతారు. ఆ మాటకి అర్థమేమిటో వాళ్ళకే తెలీదు, అయినా అందరికీ పంచిపెడతారు. మనకే ఈ పిసినారితనం.”

“అది ఇండియానా. ఇది మెయిన్. ఇక్కడ పుడితేనే మెయినర్. తక్కినవాళ్ళు పైవాళ్ళు, పరాయివాళ్ళు.”

బడిలో పిల్లలు ‘పైపిల్ల’ అని ఏడిపించేవారని లోర్నా ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. ఆ నవ్వు వెనక ఏముందో నెట్టీకి తెలుసు. తనకి అక్షరాలు వంటబట్టక ఎనిమిదో ఏట బడి మానేస్తానంటే, పక్కన కూర్చోబెట్టుకుని చదవడం నేర్పింది లోర్నాయే. ఆ రుణం ఈ ఒక్క మాటతోనైనా తీర్చుకోవాలని ఆమె ఆశ.

“ఐవా పిన్నికి చూపు పోయాక ఆరు చలికాలాలు ప్రతి గురువారం వచ్చి పుస్తకాలు చదివి వినిపించిందెవరు? అదైనా గుర్తుందా?” అంది ఉక్రోషంగా.

ఎల్‌వుడ్ కోటు గుండీలు పెట్టుకున్నాడు. “దానికీ దీనికీ ముడిపెట్టకు. ఇలాగే అచ్చేస్తే రేపు ఎవడో ఒకడు లేచి అడుగుతాడు. శనివారం ఊరి సభలో ఓటుకి పెట్టు. నేను మాట్లాడతాను.”

ఆయన మాట్లాడితే ఇక చెప్పేదేముంది? ఎల్‌వుడ్ నోట అబద్ధం విన్నవాళ్ళు ఊళ్ళో లేరు. చట్టం చెప్పిన కొలతకి గోరంత తగ్గిన లాబ్‌స్టర్‌ని, చూసే నాథుడు లేకపోయినా, తిరిగి సముద్రంలో వేసే రకం. భార్య ఐవా వెర్మాంట్‌లో పుట్టిందని ఆమె సమాధి రాయి మీదే మెయినర్ అన్న మాట చెక్కనివ్వలేదు. మూడు రోజులు నెట్టీకి సరిగ్గా నిద్రపట్టలేదు.

శనివారం సభ కిటకిటలాడింది. వంటగదిలోంచి బెల్లపు పాకంలో ఉడికిన చిక్కుళ్ళ వాసన వస్తోంది. రోడ్ల మీద మంచు కరిగించే ఉప్పుకి డబ్బు మంజూరయ్యాక లోర్నా సంగతి వచ్చింది. ఆమె వెనక వరసలో, తప్పుచేసిన పిల్లలా తలవంచుకుని కూర్చుంది.

ఎల్‌వుడ్ కర్ర ఆనించి లేచాడు.

“లోర్నా పుట్టిన ఏడాది సంగతులు తెలిసినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే మిగిలాను. అప్పుడు నాకు ఇరవై రెండు. ఫిబ్రవరి. మంచుకి దారులు మూసుకుపోయాయి. లోర్నా వాళ్ళమ్మకి నొప్పులొస్తే మా నాన్న పడవలో నేనే ఎక్కించుకెళ్ళాను. బిడ్డ ఆగలేదు. ఎర పీపాల మధ్యే పుట్టేసింది. అప్పటికి పడవ నది సగం దాటలేదు. ఈవైపే ఉంది.”

ఎల్‌వుడ్ కర్ర చెయ్యి మార్చుకున్నాడు.

“ఆసుపత్రివాళ్ళు అక్కడే పుట్టిందని రాసుకున్నారు. చేపల కంపులో కన్నానని ఎవరికీ చెప్పొద్దు నాయనా అని ఆ తల్లి నా దగ్గర మాట తీసుకుంది. ఆవిడ పోయి ఇరవై ఏళ్ళయింది. ఇంక చెప్పొచ్చనుకుంటాను.”

“ఖాయంగా ఈవైపేనా ఎల్‌వుడ్?” అడిగాడు సభాధ్యక్షుడు.

“నేనెప్పుడైనా అబద్ధమాడానా?”

లోర్నా ఆయనవైపు కళ్ళార్పకుండా చూసి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. ఓటు అడిగితే హాలంతా చేతులు లేచాయి. నెట్టీ లెక్కపెట్టబోయి, కళ్ళు మసకబారి వదిలేసింది.

భోజనాలయ్యాక వంటగదిలో నెట్టీ, లోర్నా గిన్నెలు కడిగారు. లోర్నా మిగిలిన రొట్టెలో మంచి ముక్క కోసి, ఎల్‌వుడ్ కోసం గుడ్డలో చుట్టింది.

“ఇన్నాళ్ళూ ఆయన్ని రాతిగుండె మనిషనుకున్నాను పిన్నీ,” అంది నెట్టీ. “పాపం, మీ అమ్మకిచ్చిన మాట కోసం నోరు కట్టుకున్నాడు.”

“అంత మంచి మనిషి ఈ ఊళ్ళో మరొకరు లేరే. జన్మంతా దణ్ణం పెట్టుకున్నా ఆయన రుణం తీరదు.”

“అయినా మీ అమ్మ నీతోనైనా అనాల్సింది కదా, పడవలో కన్నానని.”

లోర్నా తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“మా అమ్మ నన్ను కనలేదు నెట్టీ, పెంచుకుంది.”