సుందరమ్మ చేతి చలవ

“ఈసారికి నన్నొదిలెయ్ నాయనా. నేను రాను,” అంది సుందరమ్మ, మంచం మీంచి లేవకుండానే.

ఎమ్మెల్యే చంద్రశేఖరం గుండెల్లో రాయి పడింది. తెనాలిలో తెల్లవారకముందే బయల్దేరి, రేపల్లెలో కాఫీకి కూడా ఆగకుండా అడవులదీవి దాకా వచ్చింది ఈ మాట వినడానికి కాదు. ఎనిమిదింటికి పోలింగు మొదలవుతుంది. అప్పుడే ఏడు దాటింది.

“అంత మాటనేశావేంటి పెద్దమ్మా? ఐదు ఎలక్షన్లుగా ఈ ఊరి బూత్‌లో మొదటి ఓటు నీదే. ఐదుసార్లూ నేనే గెలిచాను.”

“అది నీ అదృష్టం. నాదేముంది?”

“అంతా నీ చేతి చలవే.”

ఇది మాటవరసకి అన్నది కాదు. డెబ్బై రెండులో ఆయన మొదటిసారి నిలబడ్డప్పుడు, ఈవిడ అనుకోకుండా అందరికంటే ముందు వెళ్లి ఓటేసింది. ఆయన గెలిచాడు. ఆ తర్వాత ఆయన కారు మార్చాడు, జెండా మార్చాడు, అసెంబ్లీలో కూర్చునే వైపు కూడా మార్చాడు గానీ మొదటి ఓటు వేసే చెయ్యిని మాత్రం మార్చలేదు. ప్రతి ఎన్నికకీ తనే వచ్చి ఆవిడని బయల్దేరదీసేవాడు.

ఈసారి గాలి బాగోలేదు. బాపట్ల నుంచి వచ్చిన ఒక కుర్ర డాక్టరు ఆయన మీద పోటీకి దిగాడు. అతని మీటింగుల్లో ఇసకేస్తే రాలనంత జనం. పది రోజులుగా చంద్రశేఖరానికి తిండి సయించడం లేదు, ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాడు. ఓడిపోతానేమోనన్న భయం ఇరవై రెండేళ్లలో ఆయనకి ఇదే మొదలు.

“రోడ్డు వేయించలేదని కోపమా? గెలవగానే మొదటి పని అదే.”

“ఆ ముక్క ఐదుసార్లు విన్నాలే. కోపమేం లేదు.”

“మరి డాక్టరు మనుషులొచ్చి ఏమన్నా చెప్పి వెళ్లారా?”

“నాకెవరు చెబుతారయ్యా? ఇన్ని వేల ఓట్లుండగా నా ఒక్కదాని కోసం ఏంటీ ఆరాటం? మోకాళ్లు కూడా లేవనివ్వట్లేదు.”

ఊళ్లో ఎమ్మెల్యేకి కుడిభుజం లాంటి ఆశీర్వాదం గుమ్మంలోంచి తొంగి చూశాడు. “సార్, స్కూలు దగ్గర లైను కడుతున్నారండి. డాక్టరు వాళ్లు ముందు నిలబడ్డారంటే ఇక మనం చేసేదేం ఉండదండి.”

“నువ్వెళ్లి అందరికంటే ముందు నిలబడు. పెద్దమ్మ రాగానే చోటిచ్చెయ్,” అని అతన్ని తరిమి, చంద్రశేఖరం ఇటు తిరిగాడు. ఇక పరువు చూసుకునే ఓపిక లేదు. ఇస్త్రీ నలగని ఖద్దరు పంచెతో మట్టినేల మీద మోకాళ్లూని, ఆవిడ మంచం కోడు పట్టుకున్నాడు.

“నీ కాళ్లు పట్టుకుంటాను పెద్దమ్మా. ఈసారి ఓడిపోతే నా గుమ్మం తొక్కేవాడు ఉండడు. నాకింకో పని చేతకాదు. ఏమైపోతానో నాకే తెలీదు.”

అబద్ధాలు చెప్పడం ఆయనకి అలవాటే గానీ, ఇది మాత్రం అబద్ధం కాదు.

సుందరమ్మ ఆయన మొహంలోకి చూసింది. డిసెంబరు చలిలో కూడా నుదుటి మీద చెమట.

“అయ్యో, ఇలా అయిపోయావేంటయ్యా?” అంది చివరికి. “సరే, ఆ కర్ర ఇలా అందుకో.”

కారెక్కిద్దామంటే లేదు. ఈసారి ఎలక్షన్ వాళ్లు కళ్లల్లో వత్తులేసుకుని చూస్తున్నారు. ఓటరు తన కారులో కనబడితే డాక్టరు మనుషులు ఫోటో తీసి రచ్చ చేస్తారు. నడిపించుకుపోవాల్సిందే. ఆవిడేమో నాలుగడుగులు వేసి ఆయాసం తీర్చుకుంటుంది. రొయ్యల చెరువు దగ్గర ఎవరో పలకరిస్తే నిలబడి వాళ్ల కోడలి కాన్పు సంగతి అడిగింది. చంద్రశేఖరం వాచీ చూసుకుంటూ, ఎదురైన వాళ్లందరికీ దండాలు పెడుతూ, లోపల ఉడికిపోయాడు. ఎత్తుకుని పరిగెడదామా అనిపించింది గానీ, దానికీ ఫోటో తీస్తారు.

స్కూలుకి చేరేసరికి తలుపులు తెరుస్తున్నారు. ఆశీర్వాదం పక్కకి తప్పుకుని సుందరమ్మకి చోటిచ్చాడు. వెనకవాళ్లు కాస్త సణిగి, పెద్దావిడ కదా అని ఊరుకున్నారు.

చంద్రశేఖరం రోడ్డు మీద టీకొట్టు ముందు అటూ ఇటూ తిరిగాడు. ఆవిడ ఎంతకీ రాదు. ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది. చివరికి సుందరమ్మ కర్ర పొడుచుకుంటూ, వేలి మీద సిరా చుక్కతో బయటికొచ్చింది. ఆయన ఎదురు పరిగెత్తాడు.

“మొదటిది నీదేనా? ఎవరూ ముందు వెయ్యలేదుగా?”

“నాదే. ఖాళీ పెట్టె కదా, పడిన చప్పుడు కూడా వినబడింది.”

చంద్రశేఖరం ఊపిరి పీల్చుకున్నాడు. పది రోజుల తర్వాత ఆయనకి ఆకలేసింది. ఆశీర్వాదాన్ని దగ్గరికి లాక్కుని భుజం మీద చరిచాడు. “ఇంక చూడు. డాక్టరు కాదు, వాళ్ల తాత దిగొచ్చినా మన సీటు కదపలేడు. రేపల్లె వెళ్లి కడుపునిండా టిఫిన్ చేద్దాం పద.”

మళ్లీ సుందరమ్మ వైపు తిరిగి ఆవిడ చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాడు. కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి.

“ఎప్పట్లాగే వేశావుగా పెద్దమ్మా?”

“లేదు నాయనా. ఎప్పుడూ ఓడిపోయేవాళ్లకే వేసేదాన్ని, పాపం వాళ్లకీ ఒక ఓటు పడాలి కదా అని, ఈసారే నీకేశాను.”