సమాధి రాతికి నూనె

ఆ పొద్దున, గ్రీసుకి ఎంతో తూర్పున ఉన్న ఆక్సస్ నది మీద ఆకాశం దుమ్ముకొట్టుకుని ఉంది. గ్రీకు ముసలాయన ఫిలిస్కోస్ కొడుకు సమాధి రాయి కడిగి, తమ ఆచారం ప్రకారం దానికి నూనె పూయడానికి ఆయాసపడుతూ చెయ్యి చాచాడు.

"ఆలివ్ నూనె ఇవ్వమ్మా."

కోడలు పర్మీస్ కూజా ఇవ్వలేదు.

"ఇది నువ్వుల నూనె మావయ్యా. పడమటి నుంచి ఒంటెలు రాక నాలుగేళ్లు. మీరు బెంగపడతారని పాత కూజాలోనే పోస్తున్నాను. పోయినాయన్ని మాత్రం మోసం చెయ్యలేను."

"నాకు ముక్కు లేదనుకున్నావా? మొదటి రోజే తెలిసింది. నువ్వు బాధపడతావని నేనూ ఆలివ్ అంటూ వచ్చాను."

"మరి ఆయనకి?"

"వాడు పుట్టిందిక్కడ. ఆలివ్ చెట్టే చూడలేదు. వాడి నూనె ఇదే, పొయ్యమ్మా."

ఆమె పోసింది. మిగిలిన నూనెలో రొట్టె అద్దుకుని, రాయి పక్కనే ఇద్దరూ తిన్నారు.