ఎర్రుపాలెం మీదుగా

సరళ పంపిన మెయిళ్లు మళ్లీ తిరిగొచ్చాయి.

నైట్ షిఫ్టు చేసి పాల్వంచ క్వార్టర్‌కు వచ్చిన మనిషి చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ ముందు కూలబడింది.

అడవి పల్లెల పిల్లలకు రక్తం కావాలంటే దవాఖానా నుంచి ఆమెకే కబురొస్తుంది. ఆమె పనిచేసే ప్లాంటులోకి సెల్‌ఫోన్లు రానివ్వరు. అందుకే రక్తమిచ్చే తోటి ఉద్యోగులకు తన ఇంటి సర్వర్ నుంచి మెయిల్ పెడుతుంది.

ఇంటి కనెక్షన్ నుంచి వచ్చే మెయిళ్లను నమ్మం పొమ్మంటున్నాయి అవతలి సర్వర్లు. కొన్నాళ్లుగా ఇదే తంతు.

ఒక సాయంత్రం కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది.

"మేడమ్, నా పేరు భద్రు. ఎర్రుపాలెంల నెట్ కనెక్షన్లు ఇస్తుంట. మీ మెయిళ్లు పోతలేవని తెలిసింది. నా సర్వర్‌కు పంపుండ్రి, ఈడికెళ్లి నేను రిలే చేస్త."

"మీకెందుకండీ గీ తిప్పలు?"

"ఉత్తగనే మేడమ్."

ఫోన్లోనే ఒక్కో సెట్టింగూ ఓపిగ్గా పెట్టించాడు. ఆ రోజే మెయిళ్లు కదిలాయి.

ఇక రోజూ ఫోనే.

"మేడమ్, ఇయ్యాల మెయిళ్లు అందినయా? రక్తం దొరికిందా?"

సరిగ్గా ఆమె డ్యూటీ దిగొచ్చి నడుం వాల్చే వేళకే మోగేది.

ఒకరోజు ఇక ఓపిక పట్టలేకపోయింది.

"ఏంది భద్రూ, రోజూ గిదే లొల్లి! అందితే అందినయ్, లేకుంటే లేదు. నన్ను జర పండనియ్యరా?"

"తప్పైంది మేడమ్. పండుండ్రి."

మళ్లీ ఫోన్ చేయలేదు.

మెయిళ్లు మాత్రం ఆగలేదు. వానలు వెనకబట్టి చలి మొదలైనా వెళ్తూనే ఉన్నాయి.

కసిరిన మాట ఎంతకీ మరుపు రాక, ఒక సెలవు రోజున సరళ ఎర్రుపాలెం బస్సెక్కింది.

తలుపు తీసింది భద్రు భార్య లాలి. సరళ తన పేరు చెప్పి, భద్రును చూడాలంది.

"ఆయన లేడక్కా. దసరా ముంగట జ్వరమొచ్చి పోయిండు."

సరళ గడప మీదే కూర్చుండిపోయింది. లోపల గదిలో సర్వర్ గుయ్‌మంటోంది.

"మరి అది నడుస్తనే ఉంది?"

"బంద్ చెయ్యొద్దన్నడు. దాని సంగతి నాకు తెల్వది. కరెంటు పోతే బ్యాటరీ చూస్త, గంతే."

"ఆయన్ని కసిరిన లాలీ. మా కోసం గింత కష్టం ఎందుకు పడుతున్నడో ఒక్కనాడన్న అడగలే."

లాలి కొంగుతో సర్వర్ మీది దుమ్ము తుడిచింది.

"మా బిడ్డ రూప్లికి రక్తం కావాల్నని నువ్వు పంపిన మెయిల్ ఎవ్వలకీ అందలేదక్కా."