అమ్మవారి మెడ

"దొంగ! దొంగ!"

సీతాబాయి కేకకు పంజాగుట్ట బస్తీ అంతా గుడి దగ్గరికి ఉరికింది.

గుడి అంటే మరీ ఊహించుకోకండి. నాలుగు రేకులు, లోపల ఒక రాతి తల. ఎనభై మూడులో అమీర్‌పేటలో పునాది తవ్వుతుంటే ఐలయ్య గడ్డపారకు తగిలిన పాతకాలపు అమ్మవారి తల అది. వారం కింద ఎవరో దాన్ని పెకలించబోయారు. అప్పటినుంచి ఐలయ్యకు తిండి సహించడం లేదు. ఆ తల పోతే బస్తీకి మొహం ఎలా చూపిస్తాడు?

ఇప్పుడు పట్టపగలే ఎవడో ముసలాడు అమ్మవారి మెడకు దారం చుడుతున్నాడు. పక్కన సంచిలో ఉలులు.

ఐలయ్యకు ఒళ్లు మండింది. జుట్టు పట్టి బయటికి ఈడ్చాడు.

"ఎవలురా నువ్వు? తల్లితోటి నీకేం పని?"

"కోప్పడకు బాబూ. నేను మెడ కోస..."

మాట పూర్తి కాలేదు. ఐలయ్య పిడికిలి మూతి మీద పడింది. రెండు పళ్లు రాలాయి.

"ఇన్నరా? అమ్మ మెడ కోస్తడట!"

అంతే. చెప్పులు, కర్రలు, రాళ్లు. కింద పడ్డ ముసలాడు తల కాపాడుకోలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

"ఏం దాస్తున్నవ్‌రా? తియ్ చేతులు!"

"కాళ్లు విరగ్గొట్టండి బాబూ... చేతులొద్దు!"

ఆ మాట ఐలయ్యను ఇంకా రెచ్చగొట్టింది. ఇద్దరు గుంజి కుడి చెయ్యి బండ మీద పెట్టారు. ఐలయ్య గడ్డపార తిరగేసి మొద్దువైపు దించాడు. వేళ్లు నలిగిన చప్పుడు అందరికీ వినబడింది.

"ఇగ కొయ్! ఏ చేత్తోటి కోస్తవో సూస్త!"

అప్పుడే ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. ఎర్రమంజిల్ ఆఫీసులో పనిచేసే రామ్మోహనరావు గారు నవ్వుతూ దిగారు.

"ఐలయ్యా, అమ్మకు ఉత్త తలేనా అని నా దగ్గర ఏడ్చావుగా! ఇదిగో, నీకు చెప్పకుండా బోనాలకల్లా మొండెం చేయించి తెచ్చేశాను. శిల్పి వీర్రాజు గారు ముందే వచ్చుంటారే? మెడ కోసం కొలత తీసుకోవాలన్నారు."

ఐలయ్య భుజం మీది తువ్వాలు తీసి ముసలాయన కుడి చేతికి చుట్టబోయాడు.

ట్రాలీలో గడ్డి మీద పడుకున్న రాతి అమ్మవారికి అభయమిచ్చే చెయ్యి, అయిదు వేళ్లు, గోళ్లతో సహా చెక్కడం అయిపోయింది. మెడ ఒక్కటే మిగిలింది.