గెడ్డ నీళ్లు

జగ్గమ్మ నింపుకున్న బిందెను ఆ మనిషి లాక్కుని, నీళ్లన్నీ ఒడ్డున పారబోసేశాడు.

జగ్గమ్మ ఖాళీ బిందెను విసురుగా లాక్కుంది.

కాపరానికొచ్చిన నాటినుంచీ ఆ గెడ్డ నీళ్లే మోస్తోంది. ఊరు ఊరంతా తాగేది ఆ వాగు నీళ్లే. ఇంతవరకూ ఆమె బిందె మీద చెయ్యేసినవాడు లేడు.

"ఎవుడ్రా నువ్వు? నీకేటి పోయీకాలం?"

"అమ్మా, ఈ నీళ్లు తాగొద్దు. ఇందల కలరా పురుగున్నాది."

జగ్గమ్మ వంగి చూసింది. ఆ ఏడు, పంతొమ్మిదొందల అరవై ఎనిమిదిలో, వానలు ఆలస్యమయ్యాయి. గెడ్డ ఇంకా తేటగానే ఉంది. అడుగున ఇసక కూడా కనబడుతోంది.

"ఏదిరా పురుగు?"

"కంటికి అగపడదు."

"కంటికి అగపడంది నీకెలగ అగపడిందిరా?"

రేవులో ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు.

అతను నవ్వలేదు. "కాసి సల్లార్సుకోని తాగండి. నేదంటే నూతినీళ్లు తెచ్చుకోండి. మీకు దండవెడతాను."

ఊళ్లో ఉన్నది ఒకటే నుయ్యి. అది పంచాయతీ ప్రెసిడెంటు నరసింగరావు దొడ్లో ఉంది. అందులో చేద వేసేది ఆ ఇంటివాళ్లే.

అతను తిన్నగా అక్కడికే వెళ్లాడు. వెనకాలే ఊరంతా వెళ్లింది.

"బాబూ, ఓ పది దినాలు మీ నుయ్యి ఊరికి ఒగ్గెయ్యండి."

నరసింగరావు చుట్ట నోట్లోంచి తీశాడు. "నా దొడ్డేటి, సంత అనుకున్నావా? నువ్వు గవర్నమెంటోడివా?"

"కాదు బాబూ."

"కాయితం తెచ్చావా?"

"నేదు."

"ఏ ఊరు నీది?"

అతను కొంచెం తటపటాయించాడు. "ఎగువనున్న జమ్మివలస."

అంతే. జనం భగ్గుమన్నారు. ఊడుపుల వేళ గెడ్డ నీళ్ల కోసం ఆ ఊరితో ఏటా తగువే. కిందటేడు తలకాయలు కూడా పగిలాయి.

"సూసారా!" అని నరసింగరావు లేచాడు. "మనం గెడ్డకి భయపడి ఒగ్గేస్తే, ఆళ్లు పైన కట్ట ఏసుకుంటారు. అదీ ఈడి ఎత్తు!"

"కాదు బాబూ, నా మాట ఇనండి. వరిమడికి పెట్టుకోండి, ఒద్దన్ను. తాగొద్దు, అంతే."

"ఊళ్లోకొచ్చి ఆడదాని బిందె లాగుతావురా!"

మొదటి రాయి జగ్గమ్మే వేసింది.

నుదురు చిట్లింది. కంట్లోకి రక్తం కారుతోంది. అయినా అతని నోరు ఆగలేదు.

"కొట్టండి. సంపెయ్యండి. నీళ్లు మాత్రం కాసుకోండి. పిల్లలకైనా కాసిపొయ్యండి."

మగాళ్లు మెడబట్టి పొలిమేర దాటించారు.

ఆ సాయంత్రం జగ్గమ్మ పంతం పట్టినట్టు రెండు బిందెలు ఎక్కువే తెచ్చింది.

మూడో రోజున రేవు పక్క ఇంటి రాముడికి వాంతులు పట్టుకున్నాయి. చీకటి పడేలోగా పోయాడు. మర్నాడు మరో ముగ్గురు.

అయిదో రోజు జగ్గమ్మ కోడలు దేముడమ్మ. పొద్దున్న వడ్లు దంచిన పిల్ల, దీపాలు పెట్టే వేళకి లేదు.

అప్పటికి జీపొచ్చింది. హెల్త్ ఇన్‌స్పెక్టరు దిగి, అందరికీ ఇంజక్షన్లు పొడిపించాడు. ఏయే ఇంట్లో పోయారో, ఏ నీళ్లు తాగారో అడిగి రాసుకున్నాడు.

"ప్రెసిడెంటుగారింట్లో ఒక్కరికీ రాలేదే?"

"ఆళ్లది నూతి నీళ్లు బాబూ," అన్నారెవరో.

"మరింకేం! కలరా క్రిమి గెడ్డలో ఉంది. ఆ నీళ్లు ముట్టుకోవద్దు. ఏ నీళ్లయినా కాచి చల్లార్చి తాగండి. ఈ నుయ్యి ఇవాళ్టినుంచీ అందరిదీ."

నూతిలో ఘాటువాసన కొట్టే తెల్లపొడి కలిపి, జీపెక్కి వెళ్లిపోయాడు.

జగ్గమ్మ ఉన్నచోటనే నిలబడిపోయింది.

"ఇదే మాట ఆడూ సెప్పాడు," అంది.

ఎవరూ ఎవరి మొహంలోకీ చూడలేదు.

నరసింగరావే ముందు గొంతు సవరించుకున్నాడు. "డాక్టర్లకే ఇప్పుడు తెలిసింది. ఆడికి ముందే ఎలగ తెలిసిందే? కలిపినోడికి కాక ఇంకెవుడికి తెలస్తాది?"

ఆ మాట అందరికీ నచ్చింది. జగ్గమ్మకి మరీ నచ్చింది. గుండెలో రగులుతున్నదానికి ఓ దారి దొరికింది.

"నా కోడల్ని పొట్టనెట్టుకున్నాడు ముండాకొడుకు! పదండి!"

మర్నాడు తెల్లారగానే పదిమంది కర్రలు పట్టుకుని గెడ్డ గట్టెంట ఎగువకి నడిచారు. ముందు నరసింగరావు, పక్కనే జగ్గమ్మ.

నుదుటి మీద గాయమున్న మనిషని అడిగితే, జమ్మివలసలో చివరి ఇల్లు చూపించారు. అప్పలసూరి ఇల్లట.

వాకిట్లో ఒకావిడ పొయ్యి మీద నీళ్లు కాస్తోంది. కర్రలు చూసి కూడా లేవలేదు.

"నీ మొగుడేడే?" అని అరిచింది జగ్గమ్మ.

"ఇంట్లో నేడమ్మా. తిరిగొచ్చి నుదుటికి గుడ్డ కట్టుకోని, మళ్లీ దిగువూళ్లకెళ్లాడు. గెడ్డ ఎమ్మట సముద్రం దాకా ఎన్ని ఊళ్లున్నాయో అన్నిటికీ సెప్పొస్తానన్నాడు."

"ఏటి సెప్తాడే?"

"ఆ నీళ్లు తాగొద్దని."

"నాటకాలు కట్టిపెట్టు! నా కోడలు పోయింది. ఊళ్లో అయిదుగురు పోయారు. గెడ్డలో పురుగు కలిపింది మీరా, కాదా? సెప్పు!"

ఆవిడ తలెత్తింది.

"మేమేనమ్మా."

కర్రలు పైకి లేచాయి.

"మా పెద్దోడు కలరాతో పోతే, ఆడి గుడ్డలూ బొంతలూ గెడ్డలో జాడించింది నేనే," అందావిడ. "అలగ సెయ్యకూడదని మాకేటి తెలుసు? సిన్నోడికీ తగిలితే పెద్దాసుపత్రికి మోసుకెళ్లాం. ఆడూ దక్కనేదు. నీళ్లలోంచే ఊళ్లకి పాకుతాదని అప్పుడు సెప్పారు డాక్టరుబాబు. సిన్నోణ్ణి మట్టిలో ఎట్టి, మా ఆయన ఇంటికైనా రాకండా అట్నించటే మీ ఊరికి పరిగెట్టాడమ్మా, మీ పిల్లలైనా దక్కుతారని."