గంటలో వచ్చేస్తారు

"మిషన్ ఇవ్వండి చాలు. ఆ ప్లాన్లూ గీన్లూ నాకొద్దు."

కొనడానికి వచ్చినాయన చెయ్యి అడ్డంగా ఊపేశాడు.

వారంటీ అమ్మాయి ప్లాన్ కాగితం మళ్ళీ ఆయన ముందుకు జరిపింది.

అది ఇంట్లో వాడుకునే వైద్య పరికరాల దుకాణం. ఆక్సిజన్ మిషన్లు అమ్మేవాళ్ళు వేరే ఉన్నారు. కొన్నవాళ్ళ చేత మెయింటెనెన్స్ ప్లాన్ తీయించడం ఆమె పని. ఈ నెల కూడా ప్లాన్లు పోకపోతే ఇంట్లో కూచోమన్నాడు మేనేజర్. తల్లి మందులూ, చెల్లి చదువూ ఆ ఉద్యోగం మీదే నడుస్తున్నాయి.

"పాడైతే ఒక్క ఫోన్ చేయండి. గంటలో స్పేర్ మిషన్ తెచ్చి పెడతారండీ."

"అందరూ ఇలాగే చెప్తారు. తీరా చేస్తే ఎత్తే నాథుడుండడు."

నీళ్ళ కూలర్ పక్క కుర్చీలో ఉన్న ముసలాయన గొంతు సవరించుకున్నాడు. ఒళ్ళో గుడ్డ సంచీ. దాని తెగిన పట్టీకి నీలం తాడు ముడేసి ఉంది.

"తీసుకో నాయనా. మా ఆవిడ మిషన్ ఇలాగే ఆగిపోయింది. ఫోన్ చేశాను. గంట కూడా కాలేదు, వీళ్ళ మనిషి స్పేర్ భుజానేసుకుని మెట్లెక్కి వచ్చేశాడు. ఊపిరందగానే మా ఆవిడ మొదట ఏమందో తెలుసా? 'పాపం, ఆయాసపడుతున్నాడు, కాస్త టీ పెట్టండి' అంది."

కొనేవాడు నవ్వేశాడు. ప్లాన్ తీసుకున్నాడు.

"దేవుడల్లే వచ్చారు తాతగారూ!"

"ఊరుకోమ్మా, నేను దేవుణ్ణేమిటి" అన్నాడు ముసలాయన.

మర్నాడూ వచ్చాడు. ఆ తర్వాత రోజూ అంతే. అదే కుర్చీ, అదే సంచీ, అదే కథ. ఒకరోజు కథలో వాన పడేది, ఒకరోజు ఎండ కాసేది. టీ మాత్రం మారేది కాదు.

"అదుగో, నీ సాక్షి తాత వచ్చాడు" అని ఏడిపించేవాళ్ళు తోటివాళ్ళు.

ఏడిపిస్తే ఏడిపించారు. ప్లాన్లు పోతున్నాయి. మేనేజర్ ఇంటికి పొమ్మనడం మానేశాడు. ఆ పెద్దాయన ఎవరో, ఎక్కడుంటాడో అడగాలని ఎవరికీ తోచలేదు. ఆమెకీ తోచలేదు.

ఓ మధ్యాహ్నం బేరాల్లేక ఇద్దరూ కబుర్లలో పడ్డారు.

"ఇక్కడ చేరిన మొదటి రోజు ఒకాయన నన్నెలా తిట్టాడో తెలుసా తాతగారూ! 'మిషన్ ఇంకా గడప దాటలేదు, అప్పుడే పాడవుతుందంటావేం, శకునపక్షీ' అని నలుగురిలో కేకలేశాడు. చాన్నాళ్ళు అదే నా పేరైపోయింది ఇక్కడ."

"వాడి మొహం గుర్తుందామ్మా?"

"తల దించుకుని ఏడుస్తుంటే మొహమేం కనిపిస్తుంది?"

"వాడి నోరు పడిపోనూ" అన్నాడు ముసలాయన. సంచీ తాడు ముడి గట్టిగా బిగించుకున్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు ఓ కొనుగోలుదారు గట్టిగానే అడిగాడు.

"ఈయన్ని అద్దెకు తెచ్చారా ఏమిటి? మా తమ్ముడికీ ఇదే కథ చెప్పాడట."

మేనేజర్ సర్వీస్ మనిషిని పిలిచాడు. అతను తల అడ్డంగా ఊపాడు.

"స్పేర్లు మోసేది నేనొక్కణ్ణే సార్. ఈయన మెట్లు నేనెప్పుడూ ఎక్కలేదు."

"దొంగసాక్షిని పెట్టుకున్నావన్న మాట బయటికి పొక్కితే ముందు పోయేది నీ ఉద్యోగమే. నువ్వే పంపించెయ్" అన్నాడు మేనేజర్ ఆమెతో.

అవమానంతో ఆమె ఒళ్ళు మండిపోయింది. కుర్చీ దగ్గరికి వెళ్ళింది.

"నిజం చెప్పండి. ఆ రోజు మావాళ్ళు మీ ఇంటికొచ్చారా?"

ముసలాయన సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

"రాలేదమ్మా."

"మరిన్నాళ్ళూ అబద్ధం చెప్పారా? నా పొట్ట కొట్టడానికా? మీకో దణ్ణం, ఇంకెప్పుడూ రాకండి."

ఆయన లేచి తను నీళ్ళు తాగిన కాగితం గ్లాసు తీసి చెత్తబుట్టలో వేశాడు. తలుపు దగ్గర ఆగాడు.

"ఎవరైనా వద్దంటే అక్కడితో వదిలెయ్యకమ్మా. ఇంకొక్కసారి చెప్పి చూడు."

ఆమె తలెత్తలేదు.

మళ్ళీ ఆయన రాలేదు. కూలర్ పక్క కుర్చీలో వచ్చేపోయేవాళ్ళు హెల్మెట్లు పెట్టుకోసాగారు.

వానలు మొదలయ్యాక ఒకావిడ ఆక్సిజన్ మిషన్ ఒకటి తెచ్చి కౌంటర్ మీద పెట్టింది.

"మా మామగారిదండీ. మొన్న పోయారు. ఇది బాగుచేయించి లేనివాళ్ళెవరికైనా ఇమ్మన్నారు."

మిషన్ గొట్టాలు ఓ గుడ్డ సంచీలో ఉన్నాయి. సంచీ పట్టీకి నీలం తాడు ముడేసి ఉంది.

వారంటీ అమ్మాయి ఆ ముడిని వేలితో తడిమింది.

"ఇది... ఎప్పుడు ఆగిపోయిందండీ?"

"మా అత్తయ్య పోయిన రోజు. ఇక్కడికి ఫోన్ చేస్తే ప్లాన్ లేదు, స్పేర్ పంపడం కుదరదు అన్నారట. ఆయన నమ్మలేదు. ఎవరో ఒకరు వస్తారని మెట్ల దగ్గరే నిలబడ్డారు. లోపల అత్తయ్య, 'వచ్చాడా, వచ్చాడా' అంటూనే పోయింది."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ మెట్లు, ఆ టీ, ఇన్నాళ్ళూ ఆయన చెప్పినదంతా జరగాల్సింది. జరగలేదు.

"కొన్నప్పుడు మావాళ్ళెవరూ ప్లాన్ తీసుకోమని చెప్పలేదాండీ?"

"ఎందుకు చెప్పలేదూ! ఆ రోజే చేరిన పిల్ల ఎవరో గుమ్మం దాకా వెంటపడి బతిమాలిందట. 'శకునపక్షీ' అని నలుగురిలో ఆ పిల్లను ఏడిపించి వచ్చింది మా మామగారే."