ఇరవయ్యొకటో వరస

నేను చెప్పే కథలో అబద్ధం ఆవగింజంత కూడా ఉండదు. మా పేట ఖరిదాలో ఎవరినైనా అడగండి.

తొంభై ఎనిమిదిలో, హిజ్లీ దగ్గర కాలేజీలో చదివే మన చెన్నకేశవరావు ప్రోగ్రామింగ్ పోటీకి స్కోర్‌బోర్డు తయారుచేశాడు. ఏ జట్టు ఎన్ని లెక్కలు సాధించిందో వెబ్ పేజీలో నిమిషానికోసారి దానంతటదే మారాలి. పోటీనాడు తెల్లారేసరికి సరిగ్గా చూపకపోతే నల్లబల్లా సుద్దముక్కే గతి అని ప్రొఫెసరు తేల్చేశాడు. అంటే రెణ్ణెల్ల కష్టం గంగపాలు.

పోటీ ముందురోజు చీకటి పడ్డాక ల్యాబ్ తలుపు లోపల గడియపెట్టి, ఉత్తుత్తి పరీక్షకని ఇరవై జట్ల పేర్లు ఎక్కించాడు. అన్నిటికీ సున్నాలే. పేజీలో మాత్రం ఇరవయ్యొక్క వరసలున్నాయి. చివరి వరసకి పేరు లేదు. దాని ఎదురుగా 'ఒకటి' అని ఉంది.

వెనక మూల నుంచి కీబోర్డు టకటకలాడి ఆగింది. ఆ మూల కూర్చున్నది స్నేహితుడు లక్ష్మీపతి.

"ఏట్రా, నా బోర్డుతో ఆటలాడుతున్నావా?"

"నేనేటి చేసినాన్రా? నీకు రాయడం రాక నన్నంటావేటి?" అన్నాడు లక్ష్మీపతి తాపీగా.

కేశవరావు ఆ వరస చెరిపేశాడు. మళ్లీ టకటక. మళ్లీ నిశ్శబ్దం. నిమిషం తిరిగేసరికి వరస మళ్లీ వచ్చింది, ఈసారి 'రెండు'తో. కేశవరావు మెల్లిగా కుర్చీ వెనక్కి తిప్పాడు.

సరే, ఒక్కటి ఒప్పేసుకుంటాను. లక్ష్మీపతిని నేనే కల్పించాను, మీరు అనుమానించడానికి ఓ మనిషుండాలి కదా అని. ఆ రాత్రి ల్యాబ్‌లో కేశవరావు ఒక్కడే ఉన్నాడు.

టకటక మాత్రం నిజం.